బేగం ఐజాజ్ రసూల్: సండీలా కోడలు, రాజ్యాంగ సభ సభ్యురాలు

మన సావనీరులో ప్రతిసారీ ఒక పెద్ద మనిషి జీవితం వేసుకొంటున్నాం. ఆ పెద్ద మనుషులందరూ మగవారే అవుతున్నారేమని మన సభ్యుల యిళ్ళల్లోని అక్కచెల్లెళ్ళు అడగనే అడిగారు. అడగడంలో న్యాయం వుంది. అందుకని ఈసారి ఒక ఆడకూతురి సంగతి చెప్పుకొందామని కూర్చున్నాం.

భారత రాజ్యాంగాన్ని తయారు చేసిన సభలో 15 మంది మహిళలు వున్నారు. మన తెలుగువారికి వెంటనే గుర్తుకు వచ్చేది దుర్గాబాయమ్మ గారు. సరోజినీ నాయుడు గారి సంగతి చెప్పనక్కరలేదు, హైదరాబాదు బిడ్డ. ఆ 15 మందిలో ముస్లిం మహిళ మాత్రం ఒక్కరే. ఆమె పేరు ఖుద్సియా. లోకం ఎరిగిన పేరు బేగం ఐజాజ్ రసూల్. ఈ రెండో పేరు భర్తది. అత్తవారింటికి వచ్చాక పెట్టిన పేరే అన్ని సర్కారు కాగితాల్లోకీ ఎక్కి, తండ్రి పెట్టిన పేరు వెనకబడిపోయింది. మన యిళ్ళల్లో కూడా ఫలానా వారి బేగం అనడమే గాని, ఆమె సొంత పేరు తలాఖ్ కాగితం మీదనో ఆస్తి కాగితం మీదనో తప్ప కనబడదు గదా.

ఆమెను ఎంచుకోవడానికి మొదటి మహిళ, ఏకైక మహిళ అనే బిరుదులు ఒక్కటే కారణం కాదు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మన యిళ్ళల్లో, చాయ్ హోటళ్ళలో, నమాజు ముగిసి మసీదు మెట్ల మీద చెప్పులు వేసుకొనేటప్పుడు కూడా ఒక ప్రశ్న వినబడుతుంది. చట్టసభల్లో మనకు రిజర్వుడు సీట్లు ఎందుకు లేవని. ఒకప్పుడు వుండేవి. స్వతంత్రం వచ్చాక కూడా వుండాలని రాజ్యాంగ సభ ఒకసారి ఒప్పుకొన్నది. ఆ తరువాత తీసేశారు. తీసేయడమే మంచిదని లేచి వాదించిన వారిలో ఈ బేగం సాహెబా ఒకరు. అది ఆమె చేసిన మేలా, పొరపాటా అనేది నేటికీ తేలని తగవు. ఆ తగవు అర్థం కావాలంటే ఆమె జీవితం మొదటి నుండి చూడాలి.

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకం చివర ఆమె పుట్టారు. తండ్రి సర్ జుల్ఫికర్ అలీ ఖాన్ పంజాబులోని మలేర్‌కోట్లా నవాబుల వంశం. రాజకీయాల్లో పేరున్నవాడు, ఇక్బాల్ కవికి ఆప్తమిత్రుడు. ఇక్బాల్ మీద 1922లో ఇంగ్లీషులో పుస్తకం రాసింది ఆయనే. తల్లి లోహారూ నవాబుల యింటి ఆడపడుచు. గాలిబ్ భార్య కూడా ఆ వంశంలోని బిడ్డే. అంటే తండ్రి వైపు ఇక్బాల్ స్నేహం, తల్లి వైపు గాలిబ్ బంధుత్వం. అలాంటి యింట్లో పుట్టిన పిల్లకు చదువు రాకపోతేనే ఆశ్చర్యం. కూతురికి ఇంగ్లీషు చదువు చెప్పించడానికి ఆ తండ్రి జంకలేదు. రాజకీయాల రుచి కూడా ఆయన దగ్గరే తగిలింది.

1929లో పెళ్ళి. వరుడు నవాబు ఐజాజ్ రసూల్, అవధ్‌లో హర్దోయ్ జిల్లా సండీలా తాలూక్‌దారు. సండీలా లక్నో నుండి రైల్లో ఎక్కువ దూరం కాదు, అక్కడి లడ్డూలు ప్రసిద్ధి. తాలూక్‌దారు అంటే మన కోస్తా జిల్లాల జమీందారు, తెలంగాణా జాగీర్దారు లాంటివాడనుకోండి. ఊళ్ళు వారివి, రైతుల సిస్తు వారిది, ఆడవారి పరదా వారి యింటి గౌరవం. చదువుకొన్న కోడలు వచ్చినంత మాత్రాన ఆ గోడలు కరిగిపోవు. సండీలాలో ఖుద్సియా పరదాలోనే వున్నారు. పెద్ద కోడలు హోదా, దాసీలు, మేనా, అన్నీ వున్నాయి. బయటి వెలుగు ఒక్కటి తక్కువ.

ఆ గోడ ఎట్లా దాటారంటే, ఎన్నికల వల్ల.

1935 చట్టం వచ్చింది. రాష్ట్రాల్లో శాసనసభలకు 1937 మొదట్లో ఎన్నికలు జరిగాయి. ఆనాటి సంయుక్త రాష్ట్రం, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్, అక్కడ రెండు సభలు. భార్యాభర్తలిద్దరూ ముస్లిం లీగులో చేరారు. ఆడవారికని కేటాయించిన సీట్లు కొన్ని వుండేవి. వాటిలో దేనికీ ఆమె నిలబడలేదు. మగవారితో సమానంగా మామూలు సీటుకే, ఎగువ సభ అయిన కౌన్సిలుకు నిలబడ్డారు. ఈ సంగతి మన చెల్లెళ్ళు గమనించాలి. ఇప్పటి వారికి ఓటు అంటే 18 ఏళ్ళు నిండితే చాలు. అప్పుడు అట్లా కాదు. ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటు. ఎగువ సభకైతే మరీ బిగింపు, పెద్ద భూములున్నవారు, బిరుదులున్నవారు వంటి కొద్దిమందికే. అంటే ఆమె ఓటర్లంతా మీసాలున్న నవాబులూ ఖాన్ బహదూర్లూనే అనుకోవచ్చు.

పరదా విడిచిన ముస్లిం స్త్రీకి ఓటు వేయడం ఇస్లాముకు విరుద్ధమని ఉలేమా ఫత్వా ఇచ్చారు. ఆమె మీద పోటీ చేసినవారికి ఇంతకన్నా పెద్ద ఆయుధం ఏం కావాలి? మామూలుగా అయితే ఇంట్లో పెద్దలే పిలిచి, ఎందుకమ్మా ఈ రచ్చ అని చెప్పి నామినేషను వెనక్కు తీయించే సందర్భం. ఆమె తీయలేదు, భర్త తీయించలేదు. లెక్క తేలేటప్పటికి గెలిచింది ఆమె. ఫత్వా విన్న ఆ పెద్దమనుషులే ఓట్లు వేశారు. ఉలేమాలను చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. వారిలోనూ ఆడపిల్లల తాలీముకు పాటుబడినవారు ఎందరో. కాని ఏది దీను, ఏది కేవలం అలవాటు అన్న తేడా ఆ ఏడు సండీలా చుట్టుపక్కల ఓటర్లు తమ మటుకు తాము తేల్చుకొన్నారని చెప్పక తప్పదు.

గెలిచిన ఆమెను కౌన్సిలు ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకొన్నది. 1937 నుండి 1940 దాకా ఆ పదవిలో వున్నారు. అధ్యక్షుడు సర్ సీతారాం. ఆయన లేనప్పుడు ఆ పెద్ద కుర్చీలో కూర్చుని రాజాలకూ నవాబులకూ మాట్లాడే వంతు యిచ్చిందీ, ఇక చాలు కూర్చోండని ఆపిందీ ముప్పై ఏళ్ళు నిండీ నిండని ఈమె. చట్టసభలో ఉపాధ్యక్షురాలైన మొదటి స్త్రీ ఈమేనని కొందరు రాస్తారు. అది సరి కాదు. పదేళ్ళ ముందే, 1927లో, మన మద్రాసు కౌన్సిల్లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు ఆ పదవి చేశారు. ఒకరి గొప్ప చెప్పడానికి ఇంకొకరిది తగ్గించనక్కరలేదు. ముస్లిం మహిళల్లో మాత్రం ఈమెదే మొదటి పేరు.

తరువాతి ఏళ్ళు దేశానికి మంచివి కావు. 1939లో యుద్ధం వచ్చింది, కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. 1940 మార్చిలో లాహోరులో లీగు తీర్మానం. ఆమె లీగులోనే వున్నారు. ఈ సంగతి దాచవలసిన అవసరం లేదు. 1946లో రాజ్యాంగ సభకు లీగు తరఫునే ఎన్నికయ్యారు. 1946 డిసెంబరు 9న సభ మొదలైతే లీగు సభ్యులు వెళ్ళలేదు. విభజన ఖాయమయ్యాక, 1947 జులై 14న, ఇటువైపు మిగిలే లీగు సభ్యులు లోపలికి వచ్చి కూర్చున్నారు. వారిలో ఈమె ఒకరు.

ఆ రోజుల్లో ఆ కుర్చీల్లో కూర్చోవడం ఎట్లా వుండి వుంటుందో ఊహించండి. వారు పనిచేసిన పార్టీ దేశాన్ని రెండు చేయించింది. ఇప్పుడు ఆ పార్టీ మనుషులే ఈ దేశపు రాజ్యాంగం రాయడానికి వచ్చారు. చుట్టూ చూసేవారి చూపులు ఎట్లా వుంటాయి? సంయుక్త రాష్ట్రం లీగు నాయకుడు చౌధరీ ఖలీఖుజ్జమాన్ గారు జులై 22న మువ్వన్నెల జెండా తీర్మానాన్ని బలపరచి మాట్లాడారు. కొద్ది నెలలకే పాకిస్తాన్ వెళ్ళిపోయారు. అవధ్ నుండి ఎన్నో గొప్ప కుటుంబాలు అట్లాగే వెళ్ళాయి. బేగం సాహెబా పుట్టింటి వైపు చుట్టరికం, లాహోరు పరిచయాలు అన్నీ సరిహద్దుకు అవతల పడ్డాయి. వెళ్ళదలిస్తే వెళ్ళడానికి ఆమెకు అందరికన్నా ఎక్కువ దారులు వున్నాయి. సండీలాలోనే వుండిపోయారు. అదే సమయంలో ఆ రాష్ట్రానికి గవర్నరుగా లక్నోకు వచ్చింది మన హైదరాబాదు సరోజినీ నాయుడు గారు. 1947 ఆగస్టు 15 నుండి 1949 మార్చి 2న కన్నుమూసే దాకా ఆ పదవిలోనే వున్నారు.

ఇక అసలు తగవులోకి వద్దాం. కొంచెం ఓపికగా చదవండి. మన యువకుల్లో చాలామందికి ఇది తెలియదు.

1909 చట్టం, అంటే ఈ బేగం పసిబిడ్డగా వున్నప్పటి చట్టం, ముస్లింలకు సెపరేటు ఎలక్టరేట్లు ఇచ్చింది. ముస్లింల ఓటరు జాబితా వేరు. ముస్లిం సీటుకు ముస్లింలే నిలబడాలి, ముస్లింలే ఓటు వేయాలి. రెండోది రిజర్వుడు సీటు. ఇప్పుడు షెడ్యూల్డు కులాల సీట్లు ఎట్లా వున్నాయో అట్లా. నిలబడేవారు ఆ వర్గంవారే అయినా ఓటు ఊరంతా వేస్తుంది. ఈ రెండూ ఒకటి కాదు. మన వాదనల్లో ఈ రెండింటినీ కలిపేసి గొంతులు చించుకొంటున్నాం.

1947 ఆగస్టులో రాజ్యాంగ సభ మొదటిదాన్ని తీసేసింది. రెండోదాన్ని పదేళ్ళ పాటు అల్పసంఖ్యాకులకు ఇవ్వడానికి ఒప్పుకొన్నది. మద్రాసు నుండి వెళ్ళిన పోకర్ సాహెబ్ గారు సెపరేటు ఎలక్టరేట్లు వుండాలని సవరణ పెడితే ఓడిపోయింది. అప్పటి మద్రాసు రాష్ట్రమంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అందులోవే. 1948 ఫిబ్రవరి ముసాయిదా రాజ్యాంగంలో ముస్లింలకు రిజర్వుడు సీట్లు అచ్చు కూడా అయ్యాయి.

ఆ ఏడు నవంబరులో ముసాయిదా చర్చకు వచ్చినప్పుడు బేగం సాహెబా లేచి, ఈ రిజర్వుడు సీట్లు మనకు వద్దన్నారు. ఆమె వాదన మా మాటల్లో ఇది. ఊరంతా ఓటు వేసే పద్ధతిలో ముస్లిం సీటు పేరు పెట్టినా, గెలిపించేది మెజారిటీ వారి ఓట్లే. గెలిచినవాడు మన మనిషి అనే పేరు వుంటుంది గాని మన మాట వినవలసిన పని అతనికి వుండదు. పైగా ఆ సీటు వున్నంత కాలం మీ వాటా మీకు యిచ్చాం, మిగిలినది మీకు సంబంధం లేదు అనే గోడ ఒకటి నిలిచి వుంటుంది. ఆ గోడ మైనారిటీని శాశ్వతంగా వేరు చేసి, చివరికి మనకే నష్టం తెస్తుంది. దానికన్నా అన్ని సీట్లలోనూ మన ఓటు పనికివచ్చేట్టు చేసుకోవడం మేలు.

1949 మే 11న సర్దార్ పటేల్ అధ్యక్షతన సలహా సంఘం కూర్చున్నది. మత ప్రాతిపదిక మీద రిజర్వుడు సీట్లు తీసేయాలని ప్రతిపాదించింది పటేల్ గారు కాదు, ఒక క్రైస్తవ సభ్యుడు, హెచ్.సి. ముఖర్జీ గారు. సంఘంలో బేగం సాహెబా దాన్ని బలపరిచారు. మే 25, 26 తేదీలలో సభలో చర్చ. మద్రాసు నుండి ముహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ గారు ఒంటిచేత్తో ఎదురు నిలిచారనే చెప్పాలి. ఆయన కూడా నిజాయితీపరుడే. ముస్లింలు తమ ప్రతినిధిని తాము ఎన్నుకొనే హక్కు పోతే వారి గొంతు సభకు చేరదని ఆయన బాధ. సంయుక్త రాష్ట్రం నుండి లారీ గారు మధ్యేమార్గం చూపారు, ఓట్ల లెక్క పద్ధతినే మార్చి చిన్న వర్గాలకు తగిన చోటు దొరికేట్టు చేయమని. బేగం సాహెబా ఏదీ వద్దని, మెజారిటీ వారి మంచితనం మీదా బాధ్యత మీదా భారం వేసి మాట్లాడారు. భారం వేశారంటే బతిమాలారని కాదు. మా భాగం మేం వదులుకొంటున్నాం, న్యాయంగా చూసుకోవడం ఇక మీ పూచీ అని నలుగురిలో చెప్పడం అది. ఇస్మాయిల్ సాహెబ్ సవరణ ఓడిపోయింది. షెడ్యూల్డు కులాలకు, తెగలకు మాత్రం సీట్లు నిలిచాయి.

ఇందులో మన తెలంగాణా వారికి ఒక బాధాకరమైన సంగతి వుంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. రాజ్యాంగ సభలో హైదరాబాదు సంస్థానానికి చోటు వున్నా, ప్రతినిధులు ఎవరూ కూర్చోలేదు. ఈ నిర్ణయం జరిగిన రోజున మన నిజాం ఇలాకా ముస్లింల తరఫున అవునని చెప్పేవారూ లేరు, కాదని చెప్పేవారూ లేరు.

ఇంకొక సంగతి. 1937లో ఆమె గెలిచింది కూడా ముస్లిం ఓటర్ల సెపరేటు జాబితా మీదే. తను ఎక్కి వచ్చిన నిచ్చెననే ఆమె వద్దన్నారు. స్వార్థమే అయితే అట్లా చేయరు.

మరి ఆమె లెక్క సరైనదా? మేము ఈ వ్యాసం రాసేటప్పుడు మాలో మేమే గట్టిగా వాదించుకొన్నాం. అంకెలు చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు నూటికి 14.2 మంది. లోక్‌సభలో అత్యధికంగా 49 మంది ముస్లిం సభ్యులు గెలిచింది 1980లో. 2024 ఎన్నికల్లో 543 సీట్లకు గెలిచినవారు 24 మంది. ఆ 24 మందిలో స్త్రీలు ఇద్దరే. షెడ్యూల్డు కులాల సీట్లు పదేళ్ళ కొకసారి పొడిగిస్తూ వచ్చారు, ప్రస్తుతం 2030 దాకా వున్నాయి. ఆంగ్లో ఇండియన్లకిచ్చిన నామినేషను కూడా 2020 జనవరి దాకా నడిచింది. ముస్లింలు ఎక్కువగా వున్న నియోజకవర్గాలు కొన్ని షెడ్యూల్డు కులాలకు రిజర్వు కావడం వల్ల అక్కడ ముస్లింలు నిలబడే దారే లేదని 2006లో సచార్ కమిటీ కూడా రాసింది. 2007 నుండి మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు ఇచ్చిన 4 శాతం చదువులకూ ఉద్యోగాలకూ సంబంధించినది. చట్టసభ సీట్లకూ దానికీ సంబంధం లేదు. ఈ రెండింటినీ కూడా కలపకండి.

మాలో కొందరు పెద్దల మాట ఏమిటంటే, ఆమె చేతిలో వున్నదాన్ని వదిలి, ఎదుటివారి మాట మీద నమ్మకం పెట్టుకొన్నారు. నమ్మకానికి రసీదు వుండదు. టికెట్లు ఇవ్వాలని ఏ పార్టీ మీదా చట్టం లేదు. ఇది కాదనలేం. కాని 1949 నాటి రోజులు మరిచిపోకూడదు. రెండు వైపులా లక్షల మంది నెత్తురు ఇంకా ఆరలేదు. ప్రతి ముస్లిం యింటిలో పాకిస్తాన్ వెళ్ళిన ఒక చుట్టం వున్నాడు, ప్రతి ముస్లిం మీద ఒక అనుమానం వుంది. ఆ రోజున సీట్లు పట్టుకొని కూర్చుంటే ఆ అనుమానం పెరిగి, మిగిలిన అన్ని హక్కుల మీదా పడేదని ఆమె భయం. ఆ భయం వట్టిది కాదు. మత స్వేచ్ఛ, మైనారిటీల విద్యాసంస్థల హక్కు, ఎవరికైనా సమానంగా ఓటు, ఇవన్నీ రాజ్యాంగంలో చెక్కుచెదరకుండా వచ్చాయి. మా మటుకు మాకు తోచింది ఏమంటే, ఆమె రోగం సరిగానే చూశారు. మందు కూడా తప్పు కాదు. మందు సగం ఎదుటివారి చేతుల్లో వుంది, ఆ సగం సరిగా పడలేదు. లారీ గారు చెప్పిన మధ్యేమార్గాన్ని ఆమె ఇంకొంచెం ఆలోచించి వుంటే బాగుండేదని కూడా మాలో ఒకరిద్దరు అంటున్నారు. అది వారి అభిప్రాయంగానే ఇక్కడ రాస్తున్నాం.

సీట్ల సంగతిలో త్యాగం కౌముది, ఆమెది ఏం పోయింది అని ఎవరైనా అనవచ్చు. దానికి జవాబు ఆమె భూముల సంగతిలో దొరుకుతుంది. ఉత్తరప్రదేశ్ జమీందారీ రద్దు బిల్లు ఆ ఏళ్ళలోనే వచ్చింది. 1952 జులై 1 నుండి అమలైంది. మన దగ్గర మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో, హైదరాబాదు జాగీర్ల రద్దు 1949లో జరిగాయి గదా, అట్లాంటిదే. అవధ్ తాలూక్‌దార్లు కోర్టుల దాకా వెళ్ళి పోరాడారు. సండీలా తాలూక్‌దారు భార్య అయిన బేగం సాహెబా జమీందారీ పోవలసిందేనని నిలబడ్డారు. దున్నేవాడికి భూమి దక్కాలనడం భూమి లేనివాడికి తేలిక. తమ బంధువర్గమంతా చూస్తుండగా, తమ యింటి ఖజానాకు గండి పడుతుందని తెలిసి అనడం కష్టం. చుట్టాల శుభకార్యాలకు వెళ్ళినప్పుడు ఆమెకు ఎదురైన ముఖాలు ఎట్లా వుండి వుంటాయో మన యిళ్ళల్లో భూముల తగాదాలు చూసినవారు ఊహించుకోగలరు.

ఉత్తరప్రదేశ్ లీగు 1950లో మూతపడింది. అదే ఏటి నుండి 1952 దాకా ఆమె కౌన్సిల్లో ప్రతిపక్ష నాయకురాలు. ఆ తరువాత కాంగ్రెసులో చేరి 1952లో రాజ్యసభకు వెళ్ళారు, 1956 దాకా వున్నారు. అదే 1952 ఎన్నికల్లో మన హైదరాబాదు పాతనగరంలో శాలిబండ నుండి మాసూమా బేగం గారు శాసనసభకు గెలిచారు, తరువాత 1960లో సంజీవయ్య గారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. అక్కడ లక్నోలో ఈమె, ఇక్కడ చార్మినారు దగ్గర ఆమె. ఇద్దరూ పెద్దింటి ఆడవారు, ఇద్దరూ జనం ఓట్లడిగి తిరిగినవారు. మాసూమా బేగం గారి మీద వేరే వ్యాసమే రాయాలి.

రాజ్యసభలో వుండగా 1953లో సౌహార్ద బృందంతో జపాను వెళ్ళి వచ్చి, ఆ మూడు వారాల ప్రయాణం మీద పుస్తకం రాశారు. ఇంకొక సంగతి వింటే మన పిల్లలు సంతోషిస్తారు. ఆమెకు హాకీ అంటే ప్రాణం. భారత మహిళా హాకీ సమాఖ్యకు చాలా ఏళ్ళు అధ్యక్షురాలు, ఆసియా మహిళా హాకీ సమాఖ్యకూ అధ్యక్షత వహించారు. ఆడపిల్లలు గౌను తొడిగి మైదానంలో పరుగెత్తితే ఊరు గుసగుసలాడే రోజుల్లో, పరదా విడిచినందుకు ఫత్వా తిన్న ఈ నవాబు బేగం ఆ పిల్లల జట్లను కూడగట్టి ఆడించారు. మహిళల హాకీలో ఆమె పేర ఒక కప్పు కూడా వచ్చింది. రాజకీయాల్లో ఆమెతో ఒప్పుకోనివారు కూడా ఈ పనిని తప్పుపట్టలేరనుకొంటాం.

1969 నుండి 1971 దాకా ఉత్తరప్రదేశ్ మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమం, మైనారిటీల శాఖలు చూశారు. అప్పటికి శాసనసభల్లో ముప్పై ఏళ్ళు దాటింది. ఆనాడు కౌన్సిల్లో ఆమెతో కూర్చున్న రాజాలూ నవాబులూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆమె మాత్రం పక్కకు తప్పుకోలేదు.

ఇదంతా చూసిన మనిషి చివరి రోజుల్లో కూర్చుని తన కథ తనే ఇంగ్లీషులో రాసుకొన్నారు. పరదా నుండి పార్లమెంటుకు అనేది దాని పేరు. 2000లో పద్మభూషణ్ ఇచ్చారు. 2001 ఆగస్టు 1న లక్నోలో కన్నుమూశారు. రాజ్యాంగ సభలో కూర్చున్న 15 మంది మహిళల్లో అప్పటికి చాలామంది ముందే వెళ్ళిపోయారు.